ఎలుకలకి గురివింద పెట్టిన డాక్టరు

గురివింద గింజ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఎర్రగా మెరుస్తూ ఉంటుంది, ఒక చివర నల్ల మచ్చ. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచడానికి వాడేవాళ్ళు. తన నలుపు తనకి తెలీదని దాని మీద సామెత కూడా ఉంది. సామెత చెప్పని సంగతి ఏంటంటే ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఆముదం గింజలో దానికి తమ్ముడి లాంటి విషం ఇంకోటి ఉంది, దాని పేరు రిసిన్. అమ్మమ్మలు పట్టించే ఆముదంలోకి ఆ విషం రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది.

1891లో బెర్లిన్‌లో ఒక డాక్టరు ఈ రెండు విషాల్నీ తీసుకుని ఎలుకలకి తిండిలో కలిపి పెట్టడం మొదలుపెట్టారు. ముందు చాలా కొంచెం. తర్వాత రోజూ కాస్త పెంచుతూ పోయారు. దాదాపు ఆరో రోజుకి ఒక వింత కనిపించింది. మామూలు ఎలుకని చంపేసే మోతాదు ఈ ఎలుకల్ని ఏమీ చేయలేకపోయింది. ఇంకో వింత కూడా ఉంది. రిసిన్‌కి అలవాటు పడిన ఎలుక అబ్రిన్ ఇస్తే చచ్చిపోయేది. అబ్రిన్‌కి తట్టుకున్న ఎలుక రిసిన్ ముందు ఓడిపోయేది. అంటే ఎలుక ఒళ్ళు ఊరికే గట్టిపడలేదు, ఒక్కో విషాన్ని విడివిడిగా గుర్తుపట్టింది. ఎలా?

ఆ డాక్టరు పేరు పాల్ ఎర్లిక్. మిగిలిన జీవితంలో సగం ఆ ఎలా అనే ప్రశ్నకే పోయింది.

నేను ఎంపీసీ స్టూడెంట్‌ని. బయాలజీకీ నాకూ సంబంధం టెన్త్‌తోనే తెగిపోయింది. సీఎస్ఈలో చేరాక ఒక ఎలక్టివ్‌లో క్లోనల్ సెలెక్షన్ ఆల్గారిథం వచ్చింది. రాండమ్‌గా బోలెడు జవాబులు తయారుచేయి, బాగా అతికిన వాటిని ఎంచుకో, వాటికి కాపీలు తియ్యి, కాపీల్లో చిన్న చిన్న మార్పులు చెయ్యి, మళ్ళీ ఎంచుకో. కోడ్ ఇరవై ముప్పై లైన్లలో అయిపోతుంది. ఇది మన ఒంట్లో బి కణాలు చేసే పని నుంచి తీసుకున్నారని స్లైడ్‌లో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం వెనక్కి వెళ్తూ వెళ్తూ ఈయన దగ్గర ఆగాను. బి కణం అనే మాట పుట్టకముందే చనిపోయిన మనిషి దాని బొమ్మ వేసి పెట్టారు. అందుకే ఈ వ్యాసం.

పాల్ ఎర్లిక్ 1854 మార్చి 14న స్ట్రేలెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. అప్పుడు అది ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యూదు కుటుంబం. నాన్నకి సత్రం, సారా వ్యాపారం ఉండేవి. అమ్మ తరపు బంధువు ఒకాయన ఉండేవారు, కార్ల్ వైగర్ట్ అని, పాల్ కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. డాక్టరు. సూక్ష్మజీవులకి రంగు పట్టించి మైక్రోస్కోప్‌లో చూసిన మొదటివాళ్ళలో ఆయనొకరు. కుర్రవాడికి రంగుల పిచ్చి ఆయన దగ్గరే అంటుకుంది.

అది రంగుల కాలం కూడా. తారు నుంచి కృత్రిమ రంగులు తీయొచ్చని 1856లో ఇంగ్లండ్‌లో కనిపెట్టారు. తర్వాత ఆ పరిశ్రమని జర్మనీ ఎగరేసుకుపోయింది. ఫ్యాక్టరీలు ఏటా కొత్త రంగులు వదిలేవి. బట్టల కోసం చేసిన ఆ రంగుల్ని ఎర్లిక్ శరీర కణాల మీద పోసి చూసేవారు. మెడిసిన్ చదువుతున్న రోజుల్లో బ్రెస్లావ్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ అని యూనివర్సిటీలు మారారు గానీ రంగులు మానలేదు. బెంచీ మీద, చేతుల మీద, చొక్కా కఫ్‌ల మీద మరకలే. ఒకసారి రాబర్ట్ కాక్ బ్రెస్లావ్ వచ్చినప్పుడు ఈ కుర్రాణ్ణి చూపించి, రంగులు వేయడంలో దిట్టే గానీ పరీక్షలు మాత్రం పాసవ్వడని ఎవరో చెప్పారని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ 1878లో ఆయన పాసయ్యారు. థీసిస్ కూడా కణాలకి రంగులు పట్టించడం మీదే.

రంగు వేయడం అంటే అందానికి కాదు. ఒక రంగు ఒక కణానికి అంటుకుంటుంది, పక్క కణానికి అంటుకోదు. ఎందుకు? రంగు అణువుకీ, కణంలో ఉన్న ఏదో పదార్థానికీ పొత్తు కుదిరింది కాబట్టి. ఆయన జీవితం మొత్తానికి ఆధారం ఈ ఒక్క ఆలోచనే. అంటుకోవాలంటే ఆకారం కుదరాలి. కుదిరితే అంటుకుంటుంది, కుదరకపోతే లేదు.

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చాక ఈ పద్ధతితోనే రక్తంలో తెల్ల కణాల్ని రకాలుగా విడదీశారు. ఇప్పుడు మనం ల్యాబ్‌లో రక్తం ఇస్తే రిపోర్టులో న్యూట్రోఫిల్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అని వస్తాయి చూడండి, ఆ పేర్లు ఏ రంగు ఏ కణానికి పడుతుందో దాన్ని బట్టి వచ్చినవి. ఆయన రంగు సీసాలే ఆ కాగితంలో ఉన్నాయి.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకి కారణమైన సూక్ష్మజీవిని చూపించారు. ఎర్లిక్ ఆ సభలో ఉన్నారు. వెంటనే ల్యాబ్‌కి వెళ్ళి, కాక్ వాడిన దాని కంటే మంచి రంగు పద్ధతి కోసం మొదలుపెట్టారు. రాత్రి స్లైడ్లు ఆరడానికి పొయ్యి మీద పెట్టి వెళ్తే, పొద్దున్నే ఎవరో తెలీక పొయ్యి వెలిగించారనీ, ఆ వేడికి రంగు ఇంకా బాగా పట్టిందనీ చెప్తారు. ఏదేమైనా ఆయన పద్ధతిని కాక్ ఒప్పుకున్నారు. క్షయ పరీక్షలో ఇప్పటికీ వాడే రంగు పద్ధతి దాని వారసురాలే.

1883లో హెడ్విగ్ పింకుస్‌తో పెళ్ళయింది. ఇద్దరు కూతుళ్ళు. 1888 ప్రాంతంలో ఆయన కఫంలోనే క్షయ క్రిములు కనిపించాయి. ఏ జబ్బుని పట్టుకునే పద్ధతి తను బాగు చేశారో అదే జబ్బు. ఈజిప్టు ఎండలో చాలా నెలలు ఉండి కోలుకుని 1889లో తిరిగొచ్చారు. వచ్చేసరికి ఉద్యోగం లేదు. సొంతంగా ఒక చిన్న ల్యాబ్ పెట్టుకున్నారు. తర్వాత కాక్ పిలిచి తన సంస్థలో చోటిచ్చారు. గురివింద, ఆముదం, ఎలుకలు ఈ రోజుల్లోవే.

ఎలుకలతో ఆయన ఇంకో మంచి ప్రయోగం చేశారు. విషానికి తట్టుకునే తల్లి ఎలుక పిల్లలకి కూడా కొన్నాళ్ళు రక్షణ ఉంటోంది. తండ్రికి మాత్రమే రక్షణ ఉంటే పిల్లలకి రావట్లేదు. అయితే ఇది పుట్టుకతో వచ్చిందా, పాలతో వచ్చిందా? పిల్లల్ని మార్చేశారు. మామూలు తల్లి కన్న పిల్లల్ని, రక్షణ ఉన్న తల్లి దగ్గర పాలు తాగనిచ్చారు. వాటికి రక్షణ వచ్చింది. తల్లిపాలలో ఏదో ఉంది. అది ఒంట్లో సొంతంగా తయారైతే చాలాకాలం ఉంటుంది, బయటినుంచి అరువొస్తే కొన్నాళ్ళకి అయిపోతుంది. యాక్టివ్, పాసివ్ ఇమ్యూనిటీ అని ఇప్పుడు టెక్స్ట్‌బుక్‌లో ఉన్న తేడా ఇదే.

అదే సమయంలో అదే ఊళ్ళో ఎమిల్ బెరింగ్, జపాన్ నుంచి వచ్చిన కితసాతో కలిసి 1890లో ఇంకో పెద్ద విషయం చూపించారు. ధనుర్వాతం, డిఫ్తీరియా క్రిములు విషం వదులుతాయి. ఆ విషానికి అలవాటుపడిన జంతువు రక్తంలోంచి సీరం తీసి ఇంకో జంతువుకి ఇస్తే దానికి కూడా రక్షణ వస్తుంది. డిఫ్తీరియా అంటే మన పెద్దవాళ్ళు కంఠసర్పి అనేది. చిన్నపిల్లల గొంతులో పొర కట్టి ఊపిరాడకుండా చేసేది. అప్పట్లో ఐరోపాలో పిల్లల్ని తీసుకుపోయే జబ్బుల్లో ముందు వరసలో ఉండేది.

కానీ బెరింగ్ సీరం మొదట్లో సరిగ్గా పనిచేసేది కాదు. ఒక గుర్రం సీరం గట్టిగా ఉండేది, ఇంకో గుర్రంది నీళ్ళలా ఉండేది. సీసాలో ఎంత మందు ఉందో డాక్టరుకే తెలీకపోతే పిల్లాడికి ఎంత ఇవ్వాలి? ఇక్కడ ఎర్లిక్ వచ్చారు. ఎలుకల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఉంది కదా, కొంచెం కొంచెం పెంచుతూ పోవడం. దాంతో సీరం బలం చాలా పెరిగింది. 1894లో హెక్స్ట్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. పేరూ డబ్బూ ఎక్కువగా బెరింగ్‌కే వెళ్ళాయి. 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ కూడా బెరింగ్‌దే. స్నేహం చెడింది. గ్రూప్ ప్రాజెక్టుల్లో ఇలాంటివి మనం చూస్తూనే ఉంటాం, కాకపోతే మన దాంట్లో పోయేది మార్కులు.

ఎర్లిక్‌కి దక్కింది సీరం పరీక్షించే పని. 1896లో బెర్లిన్ పక్కన స్టెగ్లిట్స్‌లో ఒక చిన్న సంస్థకి డైరెక్టర్‌ని చేశారు. పైకి చూస్తే బోర్ కొట్టే ఉద్యోగం. ఫ్యాక్టరీ నుంచి సీసాలు వస్తాయి, బలం చూసి ముద్ర వేయాలి. కానీ కొలవాలంటే కొలబద్ద కావాలి. విషాన్ని కొలబద్దగా పెట్టుకుందామంటే అది నిల్వ ఉంటే బలం తగ్గిపోతోంది. అందుకని సీరాన్నే ఆరబెట్టి, గాలి తీసేసి, చల్లగా చీకట్లో దాచి దాన్ని స్టాండర్డ్‌గా పెట్టారు. ప్రతి కొత్త సీసాని దానితో పోల్చి యూనిట్లలో చెప్పారు.

ఆ కొలతల్లోనే ఆయనకి అసలు ఆధారం దొరికింది. పాతబడిన విషం గినీ పందిని చంపలేకపోతోంది, కానీ సీరంతో అంటుకోవడం మాత్రం ముందులాగే అంటుకుంటోంది. అంటే ఆ అణువులో రెండు భాగాలున్నాయి. ఒకటి అంటుకునే చెయ్యి, రెండోది పొడిచే కత్తి. కత్తి మొద్దుబారినా చెయ్యి పనిచేస్తోంది. ఇలా కత్తి పోయి చెయ్యి మిగిలిన విషానికి టాక్సాయిడ్ అని పేరు పెట్టారు. ఇవాళ మన దేశంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకి పిల్లలకి వేసే పెంటావాలెంట్ టీకాలో డిఫ్తీరియా, ధనుర్వాతం భాగాలు టాక్సాయిడ్లే. మీకూ నాకూ చిన్నప్పుడు తొడ మీద పడిన సూదిలో కూడా అవే ఉన్నాయి.

1897లో ఆయన తన సైడ్ చైన్ సిద్ధాంతం ప్రచురించారు. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. ఇద్దరికీ సంబంధం లేకపోలేదు. 1891లోనే ఎర్లిక్ మిథిలీన్ బ్లూ అనే రంగుని మలేరియా రోగులకి మందుగా ఇచ్చి చూశారు. క్రిమికి రంగు అంటుకుంటోంది కదా, అంటుకున్నదాంతోనే చంపలేమా అని.

సిద్ధాంతం ఇదీ. కణం పైన రకరకాల కొక్కేలు ఉంటాయి. వాటికి సైడ్ చైన్లు అని పేరు. విషం వచ్చి తన ఆకారానికి సరిపోయే కొక్కేనికి తగులుకుంటుంది. ఆ కొక్కెం ఇక కణానికి పనికిరాదు కాబట్టి కణం అలాంటివే కొత్తవి తయారుచేస్తుంది. అవసరానికి మించి తయారుచేస్తుంది. ఎక్కువైనవి ఊడి రక్తంలో పడతాయి. రక్తంలో తేలుతున్న ఆ కొక్కేలే యాంటీబాడీలు. విషం కణం దాకా రాకముందే దాన్ని దారిలో పట్టేసుకుంటాయి.

1900లో లండన్ రాయల్ సొసైటీలో ఉపన్యాసం ఇచ్చినప్పుడు దీన్ని బొమ్మలతో చూపించారు. నల్లటి కణం, దాని ఒంటి నిండా చీలిన చేతులు, వాటికి అతుక్కుంటున్న విషాలు. ఆ బొమ్మల్ని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. కంటికి కనపడని దాన్ని ఇలా ఎలా గీస్తారని. పారిస్‌లో జూల్స్ బోర్డే, మ్యూనిక్‌లో గ్రూబర్ గట్టిగా వాదించారు. ప్రతి కొత్త ఫలితానికీ ఎర్లిక్ ఇంకో కొత్త కొక్కెం, ఇంకో కొత్త పేరు జోడించడం కూడా వాళ్ళకి చిరాకు తెప్పించింది. అందులో వాళ్ళ తప్పు లేదనిపిస్తుంది నాకు. ప్రతి టెస్ట్ కేస్‌కీ ఒక ఇఫ్ కండిషన్ జోడించుకుంటూ పోతే ఆ కోడ్‌ని ఎవరూ నమ్మరు.

అయినా ఆ బొమ్మని ఇప్పటి పుస్తకంలో బి కణం బొమ్మ పక్కన పెట్టి చూడండి. ఒళ్ళు జలదరిస్తుంది. ఒక బి కణం పైన సుమారు లక్ష రిసెప్టర్లు ఉంటాయి. రిసెప్టర్ అంటే ఇంకేమీ కాదు, పొరకి అతుక్కున్న యాంటీబాడీయే. సరిపోయే శత్రువు పదార్థం వచ్చి తగిలితే కణం మేలుకుంటుంది. విభజన చెందుతుంది. దాని సంతానంలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి అదే ఆకారం ఉన్న యాంటీబాడీల్ని సెకనుకి వేలల్లో రక్తంలోకి వదులుతాయి. కొన్ని మెమరీ కణాలుగా ఉండిపోతాయి. తొలిసారి ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. ఎలుకలు ఆరో రోజు దాకా ఎందుకు ఆగాయో ఇప్పుడు అర్థమవుతుంది. కొక్కెం, తగులుకోవడం, ఎక్కువగా తయారవ్వడం, రక్తంలోకి వదలడం, ఈ నాలుగూ ఆయన చెప్పినవే.

తప్పు ఎక్కడంటే, ఒకే కణం మీద అన్ని రకాల కొక్కేలూ ఉంటాయనుకున్నారు. వాటి అసలు పని ఆహారాన్ని అందుకోవడం అనుకున్నారు. ఈ రెండూ నిలబడలేదు. ఆయన పోయాక కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకృతిలో ఎక్కడా లేని, ల్యాబ్‌లో తయారుచేసిన రసాయనాల్ని ప్రోటీన్లకి అంటించి జంతువులకి ఎక్కించారు. వాటికి కూడా సరిపోయే యాంటీబాడీలు వచ్చాయి. నిన్న పుట్టిన రసాయనానికి కణం ముందే కొక్కెం పెట్టుకుని కూర్చుంటుందా? ఎవరూ నమ్మలేకపోయారు. ఎర్లిక్ సిద్ధాంతాన్ని అటక మీద పెట్టేశారు. శత్రువే అచ్చులా పనిచేసి యాంటీబాడీని తన ఆకారంలోకి మలుస్తుందని కొత్త సిద్ధాంతం వచ్చింది. లైనస్ పాలింగ్ అంతటివాడు 1940లో దాన్నే సమర్థించారు.

ఇది సీఎస్ వాళ్ళకి తెలిసిన ప్రశ్నే. చూసి నేర్చుకోవడమా, ఉన్నవాటిలోంచి వెతుక్కోవడమా? ఎర్లిక్ వెతుక్కోవడం అన్నారు. తర్వాత చాలా ఏళ్ళు లోకం నేర్చుకోవడం అంది. 1955లో నీల్స్ యెర్నె, 1957లో ఆస్ట్రేలియాలో మెక్‌ఫార్లేన్ బర్నెట్ మళ్ళీ వెతుక్కోవడం వైపు తిప్పారు. బర్నెట్ చేసిన దిద్దుబాటు ఒక్కటే, కానీ అదే కీలకం. ఒక కణానికి ఒకే రకం కొక్కెం. అలాంటి వేరువేరు కణాలు కోట్లలో ముందే ఉంటాయి. వచ్చిన శత్రువుకి ఏ కణం సరిపోతే అది పెరుగుతుంది. 1958లో మెల్‌బోర్న్‌లో గస్ నొస్సల్, జాషువా లెడర్‌బర్గ్ ఒక్కొక్క కణాన్నీ ఒక్కో చుక్కలో విడిగా పెట్టి చూస్తే, ఒక కణం ఒక రకం యాంటీబాడీనే ఇచ్చింది. అన్ని కోట్ల రకాలు ఎలా వస్తాయంటే, జన్యువుల ముక్కల్ని కణం పేకముక్కల్లా కలిపి కొత్త జోడీలు కడుతుందని 1976లో సుసుము టొనెగావా చూపించారు. రాండమ్ జనరేటర్ అన్నమాట.

బి అనే అక్షరం కోడి నుంచి వచ్చింది. కోళ్ళకి తోక దగ్గర బర్సా అని ఒక చిన్న సంచి ఉంటుంది. దాన్ని తీసేసిన కోళ్ళు యాంటీబాడీలు చేయలేకపోతున్నాయని 1956లో బ్రూస్ గ్లిక్ బృందం కోళ్ళ శాస్త్రం పత్రికలో రాసింది. డాక్టర్లు చదివే పత్రిక కాదు కాబట్టి కొన్నాళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఎర్లిక్ చూసిన ఇంకో సంగతి చెప్పాలి. 1900 ప్రాంతంలో ఆయన, మోర్గెన్‌రోట్ కలిసి మేకలకి వేరే మేకల రక్తం ఎక్కించారు. మేక ఆ పరాయి రక్తం మీద యాంటీబాడీలు చేసింది, కానీ తన రక్తం మీద చేయలేదు. శరీరం తన మీద తను దాడి చేసుకోవడానికి భయపడుతుందని ఎర్లిక్ అన్నారు. ఆ భయానికి లాటిన్‌లో ఒక పేరు కూడా పెట్టారు. దాన్ని అడ్డుకునే ఏర్పాటు ఏదో ఉండి తీరాలన్నారు.

ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి బి కణం మేలుకునే పద్ధతిలోనే ఉంది. కొక్కేనికి ఏదో తగిలినంత మాత్రాన బి కణం సాధారణంగా పనిలోకి దిగదు. తగిలినదాన్ని లోపలికి లాక్కుని, ముక్కలు చేసి, ఒక ముక్కని తన పైన పెట్టి చూపిస్తుంది. హెల్పర్ టి కణం వచ్చి ఆ ముక్కని గుర్తుపట్టాలి. గుర్తుపడితే దాని సీడీ40 లిగాండ్ అనే చెయ్యి బి కణం మీద ఉన్న సీడీ40ని పట్టుకుంటుంది, సైటోకైన్లు వదులుతుంది. అప్పుడే బి కణం పూర్తిగా కదులుతుంది. పాస్‌వర్డ్ కొట్టాక ఓటీపీ అడిగినట్టు. రెండో సంకేతం రాకపోతే కణం మందగిస్తుంది, లేదా చచ్చిపోతుంది. ఓటీపీ కుదిరాక లింఫ్ గ్రంథుల్లో జెర్మినల్ సెంటర్ అనే చోట బి కణాలు తమ కొక్కెం జన్యువుల్లో చిన్న మార్పులు చేసుకుంటూ, ఇంకా బాగా అతికేవాటిని నిలుపుకుంటూ పోతాయి. మా స్లైడ్‌లో ఆల్గారిథం ఇదే.

కొన్ని సూక్ష్మజీవుల పైన ఉండే చక్కెర తొడుగులు టి కణం సాయం లేకుండానే బి కణాన్ని లేపగలవు. కానీ ఆ స్పందన గట్టిగా ఉండదు, జ్ఞాపకం సరిగ్గా మిగలదు, రెండేళ్ళలోపు పిల్లల్లో దాదాపు పనిచేయదు. టైఫాయిడ్‌తో వచ్చిన చిక్కు అదే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ ఆ చక్కెరని ధనుర్వాతం టాక్సాయిడ్‌కి అతికించి టీకా చేసింది. బి కణం చక్కెరని పట్టుకుంటుంది, దాంతో పాటు లోపలికి పోయిన టాక్సాయిడ్ ముక్కని టి కణం గుర్తుపడుతుంది, ఓటీపీ వచ్చేస్తుంది. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆమోదం ఇచ్చింది. ఆరు నెలల పిల్లలకి కూడా వేయొచ్చు. స్టెగ్లిట్స్‌లో కత్తి పోయి చెయ్యి మిగిలిన విషం మన ఊళ్ళో ఈ పనికొచ్చింది.

ఎర్లిక్ 1899లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళారు. అక్కడ పెద్ద సంస్థ. ఆఫీసు నిండా పుస్తకాలు, పత్రికలు, సీసాలు. వచ్చినవాళ్ళకి కూర్చోడానికి కుర్చీ ఖాళీ ఉండేది కాదు. రోజుకి ఇరవైకి పైగా చుట్టలు కాల్చేవారు, చంకలో చుట్టల డబ్బా ఉండాల్సిందే. రంగు పెన్సిళ్ళతో చిన్న కాగితాల మీద ఎవరేం చేయాలో రాసి రోజూ పంపేవారు. రాత్రిళ్ళు డిటెక్టివ్ నవలలు చదివేవారు. ఫార్ములాలు ఎక్కడ తోస్తే అక్కడ, టేబుల్ గుడ్డ మీదైనా సరే గీసేవారు. 1908లో ఇమ్యూనిటీ మీద పనికి ఇల్యా మెచ్నికోవ్‌తో కలిపి నోబెల్ వచ్చింది. మెచ్నికోవ్ సూక్ష్మజీవుల్ని మింగే కణాల పక్షం, ఎర్లిక్ రక్తంలో యాంటీబాడీల పక్షం. ఇద్దరూ సగం సగం రైటే.

అప్పటికే ఆయన వేరే పనిలో మునిగి ఉన్నారు. ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ శత్రువునే పట్టుకుంటుంది, మనల్ని తాకదు. అలాంటి మందుని మనిషి ఎందుకు తయారుచేయకూడదు? మ్యాజిక్ బుల్లెట్ అనే మాట అక్కడినుంచి వచ్చింది. బ్యాంకర్ గియోర్గ్ స్పేయర్ భార్య ఫ్రాన్సిస్కా, భర్త జ్ఞాపకంగా ఇచ్చిన డబ్బుతో 1906లో కొత్త సంస్థ పెట్టారు. పాషాణం కలిసిన రసాయనాల్ని వందల్లో తయారుచేసి ఒక్కొక్కటీ పరీక్షించారు. 606వ నంబరుది ముందు పనికిరాదని పక్కన పడేశారు. జపాన్ నుంచి వచ్చిన సహచిరో హతా 1909లో పాతవన్నీ ఓపిగ్గా మళ్ళీ పరీక్షించారు. 606 సిఫిలిస్ సోకిన కుందేలు మీద పనిచేసింది. అప్పట్లో సిఫిలిస్‌కి పాదరసం తప్ప వేరే దిక్కు లేదు. 1910లో సాల్వర్సాన్ పేరుతో మందు మార్కెట్‌కి వచ్చింది. అంతకుముందే సుమారు 65,000 డోసులు డాక్టర్లకి ఊరికే పంచి ఫలితాలు రాయించుకున్నారు.

ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం, ఇబ్బంది రెండూ కలుగుతాయి. మందు నిజంగా పనిచేసింది. కానీ దాన్ని కలపడం కష్టం, గాలి తగిలితే పాడయ్యేది, సూది నొప్పి భరించలేనిది. కొందరికి చెవులు దెబ్బతిన్నాయి, కొందరు చనిపోయారు. ఎర్లిక్ ప్రతి చావు వివరాలూ తెప్పించుకుని చదివేవారు. 1912లో తేలిగ్గా కరిగే 914వ నంబరు తెచ్చారు. అయినా తిట్లు ఆగలేదు. డబ్బు కోసం విషం అమ్ముతున్నాడన్నారు, యూదుడని కూడా కలిపి తిట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో వేశ్యల మీద బలవంతంగా మందు వాడారని ఒక పత్రికాయన రాస్తే అది 1914లో కోర్టుకెళ్ళింది. రాసినాయనకి ఏడాది జైలు పడింది, ఎర్లిక్ పేరు నిలబడింది. మనిషి మాత్రం నిలబడలేదు. ఆ ఏడాది యుద్ధం మొదలైంది, డిసెంబరులో పక్షవాతం వచ్చింది. 1915 ఆగస్టు 20న బాడ్ హోంబుర్గ్‌లో చనిపోయారు. అరవై ఒక్కేళ్ళు.

నాజీలు వచ్చాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన పేరున్న వీధికి ఆ పేరు తీసేశారు. హెడ్విగ్ దేశం వదిలి స్విట్జర్లాండ్ మీదుగా అమెరికా వెళ్ళి 1948లో అక్కడే పోయారు. యుద్ధం అయిపోయాక పేరు తిరిగొచ్చింది, తర్వాత రెండొందల మార్కుల నోటు మీద ఆయన బొమ్మ కూడా వేశారు. ఇప్పుడు ఆ నోటు కూడా లేదు.

స్టెగ్లిట్స్‌లో సీసాలకి ముద్ర వేసిన ఆ చిన్న ఆఫీసు మాత్రం ఉంది. ఊరు మారింది, పెద్దదయింది, పేరు పాల్ ఎర్లిక్ ఇన్‌స్టిట్యూట్. జర్మనీలో ఏ టీకా బ్యాచ్ బయటికి రావాలన్నా దాని పరీక్ష దాటాలి. 2020 ఏప్రిల్‌లో అక్కడ తొలి కరోనా టీకా ట్రయల్‌కి అనుమతి ఇచ్చింది కూడా వాళ్ళే. సీసాలో ఎంత బలం ఉందో ముందు తేల్చు, తర్వాతే పిల్లాడికి ఇవ్వు అనే ఆయన పట్టుదల ఆ గదుల్లో ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది.